బెంగళూరులో చదువుతూ ఏ ఆట పట్టుకోవాలి? పరుగు, షటిల్, ఫుట్‌బాల్, ఈత, జిమ్‌ల పోలిక

అనంతపురం, కడప, కర్నూలు, నెల్లూరు వైపు నుంచి బెంగళూరు కాలేజీలకు వచ్చే పిల్లల్లో చాలామంది ఇంటర్ రెండేళ్లూ గ్రౌండ్ మొహం చూసి ఉండరు. తెల్లారగానే స్టడీ అవర్, రాత్రి పది దాకా స్టడీ అవర్, మధ్యలో బెంచీ. ఇక్కడికొచ్చాక మూడో అంతస్తులోని క్లాసుకు మెట్లెక్కితే ఆయాసం తెలుస్తుంది. ఏదో ఒకటి మొదలుపెట్టాలని అప్పుడు అనిపిస్తుంది. రూమ్మేట్ జిమ్‌లో చేరదాం రా అంటాడు. సీనియర్లు ఫుట్‌బాల్ టర్ఫ్‌కు లాక్కెళ్తారు. ఫోన్ చేస్తే అమ్మ 'పొద్దున్నే కాసేపు నడువు నాన్నా, చాలు' అంటుంది. ఇందులో ఎవరి మాట వినాలో తేల్చుకోలేని వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వారానికి కనీసం మూడు రోజులు, ఇంటర్నల్స్ ఉన్న వారంలో కూడా, మీరు మానకుండా వెళ్లగలిగే ఆటే మీకు సరైన ఆట. అన్నీ ఇచ్చే ఆట ఒక్కటీ లేదు. ఒకటి దమ్మునిచ్చి బలాన్ని వదిలేస్తుంది, ఇంకొకటి బలాన్నిచ్చి దమ్మును వదిలేస్తుంది. మీ ఆట వదిలేసేది ఏమిటో తెలిస్తే దాన్ని రూములోనే ఇరవై నిమిషాల్లో పూడ్చుకోవచ్చు.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

శరీరంలో ఏం మారుతుంది? ఫిట్‌నెస్ అంటే సన్నబడటమో కండలు తేలడమో మాత్రమే కాదు. గుండె, ఊపిరితిత్తుల దమ్ము, కండబలం, కండరాలు ఎంతసేపు అలసిపోకుండా పనిచేస్తాయన్నది, ఒళ్లు ఎంత సులువుగా వంగుతుందన్నది, ఒంట్లో కొవ్వెంత కండెంత అన్నది, ఈ అయిదూ కలిపి చూడాలి.

క్రమం తప్పకుండా సాధన చేస్తే ముందుగా మారేది దమ్ము. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తాన్ని నెట్టడం నేర్చుకుంటుంది. అందుకే కొన్ని వారాలకు, పొద్దున లేవగానే మంచం మీద కూర్చుని చూసుకునే నాడి నెమ్మదిస్తుంది. కండరాల్లో ప్రాణవాయువును వాడుకునే శక్తి పెరుగుతుంది. అంతకుముందు అసలు కదలని వాళ్లలో ఈ మార్పు అందరికంటే వేగంగా కనిపిస్తుంది కాబట్టి, 'నాకేం స్టామినా లేదు' అని వెనకాడే వాళ్లకే మొదటి రెండు మూడు నెలల్లో లాభం ఎక్కువ.

బలం సంగతి వేరు. మొదటి కొన్ని వారాల్లో బరువు ఎక్కువ ఎత్తగలుగుతారు కానీ అద్దంలో తేడా కనపడదు. అప్పటికి కండ పెరగదు, ఉన్న కండను నరాలు బాగా వాడుకోవడం నేర్చుకుంటాయి, అంతే. కండ కంటికి ఆనడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈ సంగతి తెలియక నెలరోజులకే జిమ్ మానేసేవాళ్లు ఎంతమందో.

ఎముకల గురించి ఈ వయసులో ఎవరూ ఆలోచించరు. కానీ ఎముకల గట్టిదనం ముప్పై ఏళ్ల లోపే శిఖరానికి చేరుతుంది, ఆ తర్వాత ఉన్నదాన్ని కాపాడుకోవడమే. నేలను గట్టిగా తాకే ఆటలు, అంటే ఎగరడం, పరుగెత్తడం, చటుక్కున మలుపు తిరగడం ఉన్నవి, ఎముకలను గట్టిపరుస్తాయి. పద్దెనిమిది ఇరవై ఏళ్లలో ఉన్న అమ్మాయిలు దీన్ని ప్రత్యేకంగా పట్టించుకోవాలని నా మనవి.

ఎంత చేయాలి? పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ, వాటితోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మాట్లాడగలిగి పాట పాడలేకపోతే మోస్తరు శ్రమ. నాలుగు మాటలకు ఒకసారి ఊపిరి అందక ఆగాల్సి వస్తే గట్టి శ్రమ. ఇంతకంటే మంచి మీటరు కొనక్కర్లేదు.

ఎంత దూరం? బెంగళూరులో ఇది చాలా పెద్ద ప్రశ్న. మారతహళ్లి పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్లో) ఉంటూ బసవనగుడిలో ఈతకొలనుకు వెళ్దామనుకుంటే ఆట గంట, ప్రయాణం రెండు గంటలు. మొదటి వారం ఉత్సాహం దాన్ని భరిస్తుంది, మూడో వారం భరించదు. నడిచి పదిహేను నిమిషాల్లో చేరే చోటుకే నా ఓటు. లేదా కాలేజీ బస్సు దిగే చోట, క్లాసులు అయిపోగానే, పీజీకి పోకముందే ఆడేది చూసుకోండి. ఒకసారి పీజీ మంచం ఎక్కాక మళ్లీ బూట్లు వేసుకోవడం ఎవరి వల్లా కాదు.

వాన, పరీక్షలు. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. విజయవాడలోనో కర్నూలులోనో మేలో పొద్దున ఎనిమిదికే బయట నిలబడలేం, ఇక్కడ పరుగెత్తొచ్చు. కానీ మేలోనూ, ఆగస్టు నుంచి అక్టోబరు దాకానూ సాయంత్రం వానలు ఆటను చెడగొడతాయి. ఆరుబయట ఆడేదైతే పొద్దున పెట్టుకోండి. సాయంత్రమే కుదురుతుందంటే పైకప్పు ఉన్నది చూసుకోండి.

ఖర్చు, దెబ్బల భయం కూడా లెక్కలో ఉంటాయి. అవి కింది పట్టికలో ఉన్నాయి. శ్రమ గడిలోని అంకెను ఇలా చదవాలి: ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి 1 అయితే, ఆ ఆటలో దాదాపు ఎన్ని రెట్లు ఖర్చవుతుందన్నది.

| ఆట | శ్రమ (రెట్లు) | బాగా ఇచ్చేది | వదిలేసేది | ఖర్చు | ఎక్కువగా దెబ్బ తగిలే చోటు |
|---|---|---|---|---|---|
| పరుగు (గంటకు 8 కి.మీ.) | 8 | దమ్ము, కాళ్ల ఎముకలు | పైభాగం బలం | బూట్లు మాత్రమే | మోకాలు, ముంగాలి ఎముక |
| షటిల్ | సరదాగా 5.5, పోటీగా 7 | చురుకుదనం, కాళ్ల శక్తి | వీపు, రెండో చేయి | మోస్తరు, నెలనెలా | చీలమండ, భుజం |
| ఫుట్‌బాల్ | సరదాగా 7, పోటీగా 10 | దమ్ము, వేగం, ఎముకలు | పైభాగం బలం | టర్ఫ్ అయితే పంచుకోవాలి | మోకాలు, చీలమండ |
| ఈత (మోస్తరు వేగం) | 6 | దమ్ము, భుజాలు, వీపు | ఎముకలు | ఎక్కువ | భుజం |
| జిమ్ | 3.5–6 | బలం, కండ | దమ్ము | మోస్తరు నుంచి ఎక్కువ | నడుము, భుజం |
| వాలీబాల్ | సరదాగా 3, పోటీగా 6 | ఎగిరే శక్తి | దమ్ము | దాదాపు లేదు | వేళ్లు, చీలమండ, మోకాలు |
| క్రికెట్ | 5 | గురి, విసురు | దమ్ము, బలం | తక్కువ | భుజం, తొడ వెనక కండరం |

అంకెలు చూసి ఫుట్‌బాలే గొప్పదని తేల్చేయకండి. వారానికి ఒక్కసారి పది రెట్ల శ్రమ కంటే నాలుగుసార్లు ఆరు రెట్ల శ్రమ మీ గుండెకు ఎక్కువ నేర్పుతుంది.

## పరుగు

ఖర్చు లేదు, తోడు అక్కర్లేదు, కోర్టు బుక్ చేయక్కర్లేదు. దమ్ము పెంచడంలో పరుగును మించింది లేదని నేను నమ్ముతాను. కబ్బన్ పార్కు, 240 ఎకరాల లాల్‌బాగ్, రెండూ మెట్రో దిగగానే ఉంటాయి. రెండింట్లోనూ మట్టి బాటలున్నాయి. తారు రోడ్డు కంటే మోకాళ్లకు అవి మెత్తన. కబ్బన్ పార్కు పక్కనే కంఠీరవ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ ఉంది.

చిక్కల్లా మీరుండేది వాటి పక్కన కాకపోవడమే. పీజీ చుట్టూ ఉండే వీధుల్లో ఫుట్‌పాత్ అంటే మురికికాలువ మీద పరిచిన రాతి పలకలు. కొన్ని కాలు పెట్టగానే ఒక పక్కకు ఒరుగుతాయి, కొన్నిచోట్ల పలకే ఉండదు. చీకట్లో అలాంటి పలక మీద చీలమండ బెణికితే నెలరోజుల సాధన పోయినట్టే. తెల్లవారుజామున కుక్కల గుంపులు ఇంకో బెడద. కాబట్టి పూర్తిగా వెలుతురు వచ్చాకే బయల్దేరండి. లేదా కాలేజీ గ్రౌండ్‌లో రౌండ్లు కొట్టండి, విసుగనిపించినా సరే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటిరోజే రెండు కిలోమీటర్లు ఆపకుండా పరుగెత్తి, మర్నాడు పిక్కలు పట్టేసి మెట్లు దిగలేక మానేస్తారు. రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక, మొత్తం పాతిక నిమిషాలు. అలా వారం వారం నడక తగ్గించుకుంటూ రండి. ముంగాలి ఎముక వెంబడి నొప్పి మొదలైతే నాలుగు రోజులు ఆపండి, ఓర్చుకుని పరుగెత్తకండి. ముందు ఒక గురి ఉంటే సాధన నిలుస్తుందనుకునేవాళ్లు ఏప్రిల్, మే ప్రాంతంలో జరిగే టీసీఎస్ వరల్డ్ 10కే (పది కిలోమీటర్ల) పరుగును లక్ష్యంగా పెట్టుకోవచ్చు. ఇది 2008లో ఈ ఊళ్లోనే మొదలైంది.

పరుగు వదిలేసేది నడుము పైభాగాన్ని. వారానికి రెండుసార్లు రూములో దండీలు, బస్కీలు, ప్లాంక్ (మోచేతుల మీద ఒళ్లు తిన్నగా నిలిపి ఉంచడం) చేస్తే చాలు.

## షటిల్

మన పిల్లలకు ఇది కొత్తగా నేర్పక్కర్లేదు. గోపీచంద్, సింధు పుణ్యమా అని రాకెట్ పట్టని తెలుగిల్లు లేదు. ఈ ఊరికీ దానికీ అంతే అనుబంధం. 1980లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన ప్రకాశ్ పదుకొణెది ఈ ఊరే. 2001లో అదే టైటిల్ గెలిచిన గోపీచంద్ ఆయన అకాడమీలో శిక్షణ పొందినవాడే. అందుకే కాబోలు, ఏ పేటకు పోయినా నాలుగు ఇండోర్ కోర్టులు కనిపిస్తాయి. వానకు భయం లేదు, రాత్రి తొమ్మిదికీ ఆడొచ్చు.

శరీరానికి ఇది ఇచ్చేది నిరంతర శ్రమ కాదు. కొన్ని సెకన్ల పెద్ద శ్రమ, కాస్త విరామం, మళ్లీ శ్రమ. చురుకుదనం, కాళ్ల శక్తి, కంటికీ చేతికీ పొత్తు బాగా పెరుగుతాయి. దమ్ము పెరగాలంటే మాత్రం సింగిల్స్ ఆడాలి. నలుగురూ కలిసి డబుల్స్ ఆడుతూ, పాయింటుకో జోకు వేసుకుంటూ గంట గడిపితే ఒళ్లు తడుస్తుంది కానీ గుండెకు పెద్దగా సాధన ఉండదు. డబుల్సే ఇష్టమైతే ఆటకు ముందు పదిహేను నిమిషాలు కోర్టు నాలుగు మూలలకూ అడుగులేసే సాధన, స్కిప్పింగ్ పెట్టుకోండి.

బూట్ల విషయంలో నేను కచ్చితంగా ఉంటాను. పరుగు బూట్లతో షటిల్ ఆడొద్దు. వాటి మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది, పక్కకు దూకినప్పుడు చీలమండ మడత పడుతుంది. రాకెట్ చవకదైనా పరవాలేదు, బూట్లు మాత్రం కోర్టు బూట్లే కొనండి. కోర్టు అద్దె, కాక్‌ల ఖర్చు నలుగురు పంచుకున్నా నెల తిరిగేసరికి పీజీ విద్యార్థికి బరువే. చేరే ముందు నెల లెక్క వేసుకోండి.

## కాలేజీ జట్టు: ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, వాలీబాల్, కబడ్డీ

జట్టులో చేరితే దొరికేది క్రమం. ఆరుకు పీడీ సార్ విజిల్ వేస్తే మీ మూడ్‌తో పని లేదు. ఒంటరిగా ఏ పనీ నిలబెట్టుకోలేని మనస్తత్వం ఉన్నవాళ్లకు ఇది అన్నిటికంటే మంచి దారి. పైగా కన్నడ, తమిళ, మలయాళీ పిల్లలతో స్నేహం కుదిరేది ఇక్కడే. మన వాళ్లు మన వాళ్లతోనే తిరిగే అలవాటు గ్రౌండ్‌లోనే పోతుంది.

ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ దమ్మునూ వేగాన్నీ కలిపి పెంచుతాయి. అయితే అలవాటు లేని కాళ్లతో నేరుగా మ్యాచ్‌లోకి దిగితే మోకాలి లోపలి లిగమెంట్ తెగే ప్రమాదం నిజంగా ఉంది. ముఖ్యంగా అమ్మాయిల్లో ఈ ముప్పు ఎక్కువ. దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి ఒరగకుండా చూసుకోవడం, ఒంటికాలి మీద నిలబడటం, తొడ వెనక కండరాలకు బలం. ఈ మూడింటినీ ప్రతి సాధనకూ ముందు పది పదిహేను నిమిషాలు చేస్తే ఆ ముప్పు బాగా తగ్గుతుంది.

సీమ నుంచి వచ్చినవాళ్లకు వాలీబాల్, కబడ్డీ చేతికి వచ్చిన ఆటలు. కబడ్డీలో పట్టు, నడుము బలం, ఊపిరి అన్నీ కావాలి, తక్కువ అంచనా వేయొద్దు. వాలీబాల్ సరదాగా ఆడితే పట్టికలో చూశారుగా, నడకతో సమానం. నిజంగా జట్టుగా సాధన చేస్తేనే లెక్క. ఆదివారం టెన్నిస్ బాల్ క్రికెట్ మనసుకు మంచిది, మానమనను. దాన్ని వారం మొత్తానికి వ్యాయామం కింద రాసుకోవద్దు.

జట్టుతో చిక్కు సెమిస్టర్ క్యాలెండర్. టోర్నమెంట్ వారంలో క్లాసులు పోతాయి. ఓడీ (ఆన్ డ్యూటీ) అటెండెన్స్ ఇస్తారో లేదో చేరకముందే అడిగి తెలుసుకోండి.

## ఈత

బరువు ఎక్కువున్నవాళ్లకు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు దీన్ని మించింది లేదు. నీళ్లు ఒంటి బరువును మోస్తాయి, దమ్ము పెరుగుతుంది, కంప్యూటర్ ముందు వంగిపోయిన భుజాలకూ వీపుకూ పని దొరుకుతుంది. ఎముకలకు మాత్రం లాభం తక్కువ. అందుకే ఈత ఒక్కటే చేసేవాళ్లు వారానికి రెండు రోజులు స్కిప్పింగో మెట్లెక్కడమో కలపాలి.

శ్రీహరి నటరాజ్ లాంటి ఒలింపిక్ ఈతగాళ్లను ఇచ్చిన ఊరిది. మంచి కొలనులున్నాయి, కోచ్‌లున్నారు. కానీ అవి మీ పీజీ దగ్గర ఉండాలి, బ్యాచ్ వేళలు క్లాసులతో కలవాలి, ఫీజు కట్టగలగాలి. ఈ మూడూ కలిసిన విద్యార్థులు తక్కువే. ఈత రానివాళ్లు సెలవుల్లో నేర్చుకోండి, ప్రాణం కాపాడే విద్య. నేర్చుకున్నాక అది రోజూ చేసే సాధనగా నిలుస్తుందా లేదా అన్నది తర్వాతి సంగతి.

## జిమ్

సన్నగా ఉన్నాను, కండ కావాలి అనుకునే అబ్బాయిలకూ, బరువులంటే భయపడే అమ్మాయిలకూ ఇద్దరికీ జిమ్ పనికొస్తుంది. బరువులెత్తితే అమ్మాయిలు మగాళ్లలా అయిపోతారన్నది అబద్ధం. ఎముక గట్టిపడుతుంది, నడుము నొప్పి తగ్గుతుంది, బ్యాగు మోస్తూ మెట్లెక్కడం తేలికవుతుంది.

వారానికి మూడు రోజులు చాలు. ఒక్కో రోజు కాళ్లకు ఒకటి, నెట్టేది ఒకటి, లాగేది ఒకటి, నడుముకు ఒకటి. బరువు నెమ్మదిగా పెంచుకుంటూ పోవాలి. మూడు నెలలుగా అదే డంబెల్ ఎత్తుతుంటే శరీరానికి మారాల్సిన అవసరమే ఉండదు. ఏడాది ఫీజు ఒకేసారి కడితే తగ్గింపు అంటారు, కట్టొద్దు. మొదటి మూడు నెలలూ నెలనెలా కట్టండి. త్వరగా కండ రావడానికి ఇంజెక్షన్ అని ఎవరైనా గొంతు తగ్గించి చెబితే ఆ జిమ్ మారిపోండి. స్టెరాయిడ్లు గుండెనూ కాలేయాన్నీ పాడుచేస్తాయి, శరీరంలో సొంత హార్మోన్ తయారీని ఆపేస్తాయి.

జిమ్ వదిలేసేది దమ్ము. వారానికి రెండుసార్లు పరుగో సైకిలో కలపకపోతే, చొక్కా బిగుతైనా మెట్ల దగ్గర ఆయాసం అలాగే ఉంటుంది.

## ఎవరికి ఏది?

ఇంటర్ తర్వాత మొదటిసారి కదులుతున్నవాళ్లు నడక, పరుగు కలిపి ఎనిమిది వారాలు చేసి, తర్వాతే ఆట ఎంచుకోండి. ఆ పునాది ఉంటే ఏ ఆటలోనైనా దెబ్బలు తగ్గుతాయి.

స్కూల్లో జిల్లాస్థాయి దాకా ఆడి ఆపేసినవాళ్లు నేరుగా జట్టుకే వెళ్లండి. అయితే మనసుకు గుర్తున్న ఆట కాళ్లకు గుర్తుండదు, మొదటి నెల సగం వేగంతోనే ఆడండి.

పీజీలో ఉండే అమ్మాయిలకు చీకటి వేళల్లో బయటి పరుగు భద్రం కాదనిపిస్తే షటిల్ కోర్టు, కాలేజీ బాస్కెట్‌బాల్, లేదా ఆదివారాలు వాహనాలు ఆపేసే కబ్బన్ పార్కులో స్నేహితులతో పరుగు మంచివి. ఇంకో ముఖ్యమైన మాట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తం తక్కువుంటే ఎంత సాధన చేసినా దమ్ము అంతగా పెరగదు. తప్పు మీ పట్టుదలది కాదు. మొదలుపెట్టే ముందు ఒక్క హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. సాధన పెరిగాక నెలసరి ఆగిపోతే అది ఫిట్‌నెస్‌కు గుర్తు కాదు, తిండి చాలడం లేదని శరీరం చెప్పడం. డాక్టరును కలవాలి.

డబ్బు అసలు లేనివాళ్లు ఏమీ కోల్పోవడం లేదు. కాలేజీ గ్రౌండ్, స్కిప్పింగ్ తాడు, దండీలు, బస్కీలు. వీటితో మొదట్లో చెప్పిన ఫిట్‌నెస్ అంశాలు అయిదింటిలో నాలుగు వచ్చేస్తాయి.

పరుగెత్తితే ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోవడం, వీటిలో ఏది ఉన్నా ముందు గుండె పరీక్ష, తర్వాతే ఆట. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆడొచ్చు, డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్ జేబులో ఉండాలి.

## తిండి, కొలత, మార్పు

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలంటుంది. గట్టిగా సాధన చేసేవాళ్లకు 1.2 నుంచి పైన కావాలి. 60 కిలోల విద్యార్థికి ఇది 70 గ్రాములకు పైమాటే. పీజీ సాంబారు, పలుచటి మజ్జిగతో అంత రాదు. రోజూ రెండు మూడు గుడ్లు, లేదా ఉడికించిన శనగలు, పెసలు, గుప్పెడు వేరుశనగలు, ఒక గ్లాసు పాలు సొంతంగా కలుపుకోండి. ఈ ఊళ్లో రాగిముద్ద ఎక్కడైనా దొరుకుతుంది, సంగటి తిని పెరిగినవాళ్లు దాన్ని మరవొద్దు. రాత్రి రెండు దాకా ఫోన్ చూసి ఆరుకు గ్రౌండ్‌కు వెళ్లడం వల్ల లాభం లేదు. ఏడు గంటల నిద్ర లేకపోతే ఆ రోజు సాధన సగానికి తగ్గించండి.

మొదటి వారంలోనే మూడు అంకెలు నోట్‌బుక్‌లో రాసుకోండి: పొద్దున లేవగానే నిమిషానికి నాడి, 12 నిమిషాల్లో ఎన్ని మీటర్లు పరుగెత్తారు, ఆపకుండా ఎన్ని దండీలు తీశారు. ఆ 12 నిమిషాల పరీక్ష 1968లో అమెరికా డాక్టరు కెన్నెత్ కూపర్ పరిచయం చేసింది. 400 మీటర్ల ట్రాక్, ఫోన్‌లో గడియారం ఉంటే చాలు. ఆరు వారాలకోసారి మళ్లీ కొలవండి. పక్కవాడి అంకెతో పని లేదు.

సంక్రాంతికి ఊరెళ్తే ఆ రెండు వారాల్లో ముందుగా తగ్గేది దమ్మే, బలం ఇంకొన్నాళ్లు నిలుస్తుంది. అందుకని ఊళ్లో రెండు మూడు రోజులకోసారైనా ఇరవై నిమిషాలు గట్టిగా పరుగెత్తండి. తిరిగొచ్చాక మొదటి వారం పాత లెక్కలో మూడోవంతు తగ్గించి మొదలుపెట్టండి.

ఎంచుకున్న ఆటకు ఎనిమిది వారాలు గడువివ్వండి. వెళ్లాల్సిన రోజుల్లో సగానికి పైగా మానేసి ఉంటే ఆట మార్చండి, లేదా చోటు మార్చండి. చాలాసార్లు చోటు మారిస్తే సరిపోతుంది. వెళ్తూనే ఉన్నా మూడు అంకెల్లో ఏదీ కదలకపోతే ఆట సరైనదే, సాధన తేలికైపోయింది. వారానికి ఇంకో రోజు కలపండి, లేదా అదే గంటలో విరామాలు తగ్గించండి.